తాజా అంజీర్: కాలం, కోత, సలాడ్లలో వాడకం

అంజీర్ అనేది మోరేసి కుటుంబానికి చెందిన ఫైకస్ కారికా అనే చిన్న చెట్టు పండు. తెలుగులో దీనిని అంజూరం, సీమమేడి అని కూడా అంటారు. తెలుగు బైబిల్లో కనిపించే అంజూరపు చెట్టు ఇదే. మర్రి, రావి, జువ్వి, మేడి దీనికి ప్రజాతి బంధువులు. బజారులో ఇది ఎక్కువగా ఎండు రూపంలోనే దొరుకుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా చెట్టు మీద పండి, కోసిన కొద్ది రోజుల్లోనే తినవలసిన తాజా పండు గురించి: అది ఎలా ఏర్పడుతుంది, ఎప్పుడు వస్తుంది, ఎందుకు నిల్వ ఉండదు, సలాడ్లలో ఎలా వాడతారు. (ఎండు పండు కోసం చూ. ఎండు ఫలాలు; అత్తి, ఉదుంబరం అనే పేర్లున్న దేశీయ చెట్టు కోసం చూ. మేడి.)

చెట్టు, కాయ నిర్మాణం

అంజీర్ చెట్టు సాధారణంగా 3 నుంచి 10 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకులు వెడల్పుగా, మూడు లేదా ఐదు తమ్మెలతో, చేతికి గరుకుగా తగులుతాయి. ఆకు తుంచినా, పచ్చికాయ గిల్లినా తెల్లని పాలు కారుతాయి. శీతకాలంలో చలి ఉన్న చోట్ల ఆకులన్నీ రాల్చి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. కొమ్మ ముక్కలు నాటితే తేలిగ్గా వేళ్లు పోసుకుంటాయి. మనిషి చాలా తొందరగా మచ్చిక చేసుకున్న పండ్ల చెట్లలో ఇది చేరడానికి ఆ గుణం తోడ్పడిందని పరిశోధకులు భావిస్తారు.

మనం పండు అని తినేది వృక్షశాస్త్రం ప్రకారం ఒక పూలగుత్తి. దీనికి సైకోనియం అని పేరు. పూలన్నీ లోపలి వైపుకు ఉండేలా తిరగేసి మూతి కట్టిన సంచి లాంటి నిర్మాణం ఇది. కండ గల గోడకు లోపలి వైపున వందల సంఖ్యలో సన్నని పూలు ఉంటాయి. కొరికినప్పుడు పంటి కింద కరకరలాడే గింజల వంటివే ఆ పూలు కాసిన అసలైన కాయలు. పండు కింది కొసన చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని కన్ను అంటారు. పండు బాగా మాగినప్పుడు కొన్ని రకాల్లో ఈ కన్ను దగ్గర తేనె బొట్టు లాంటి చిక్కని రసం చేరుతుంది.

నిలువుగా కోసి చూస్తే మూడు పొరలు తెలుస్తాయి: పలుచని తొక్క, దాని వెనుక తెల్లని మెత్తని కండ, మధ్యలో గులాబీ నుంచి ముదురు ఎరుపు వరకు రంగు మారే గుజ్జు. నల్ల రకాల తొక్కకు ఆ రంగు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. ఈ రంగు పదార్థాలు గుజ్జులో కన్నా తొక్కలోనే ఎక్కువ. సలాడ్‌లో నల్ల రకాలను తొక్కతోనే వేయడం అందుకే మంచిది.

పరాగసంపర్కం, అంజీర్ కందిరీగ

పూలు లోపల మూసుకుని ఉన్నందున గాలికి గానీ తేనెటీగకు గానీ వాటిని చేరే దారి లేదు. బ్లాస్టోఫాగా సీనిస్ అనే అతి చిన్న కందిరీగ మాత్రమే ఆ పని చేయగలదు. అంజీర్‌లో రెండు రకాల చెట్లు ఉంటాయి. ఒకటి కాప్రిఫిగ్ అనే అడవి రకం. దీని కాయలో మగపూలు, పొట్టి కీలం ఉన్న ఆడపూలు ఉంటాయి. ఈ కాయను సాధారణంగా తినరు. రెండోది పొడవు కీలం ఉన్న ఆడపూలు మాత్రమే గల తినే రకం.

కందిరీగ కాప్రిఫిగ్ లోపలే పుట్టి పెరుగుతుంది. రెక్కలు లేని మగవి ముందు బయటపడి, కాయ లోపలే ఆడవాటితో జతకట్టి అక్కడే చనిపోతాయి. ఆడ కందిరీగ కన్ను దగ్గరున్న మగపూల పుప్పొడిని ఒంటికి పులుముకుని ఎగిరిపోతుంది. గుడ్లు పెట్టడానికి మరో కాయ వెతుక్కుని, ఇరుకైన కన్నులోంచి దూరేటప్పుడు రెక్కలు విరగగొట్టుకుంటుంది. అది మనం తినే రకం కాయలో దూరితే పొడవు కీలం అడ్డుపడి గుడ్లు పెట్టలేదు. కాయకు పుప్పొడి అంటించి లోపలే చనిపోతుంది. కాయలోని ఫిసిన్ వంటి ఎంజైములు ఆ తర్వాత దాని శరీరాన్ని విడగొడతాయి.

శాకాహారులు, జైనులు అంజీర్ గురించి అడిగే ప్రశ్న దీనితోనే ముడిపడి ఉంది. పరాగసంపర్కం లేకుండానే కాయ పండే రకాలు అనేకం ఉన్నాయి. పుణె అంజీర్‌తో సహా భారతదేశంలో సాగయ్యే వాణిజ్య రకాలు ఆ కోవలోవే. వాటికి ఈ కందిరీగతో పని లేదు. విప్పి చూస్తే పురుగులుండే పండు అంటూ వేమన పద్యం వల్ల తెలుగువారికి గుర్తుండిపోయినది మేడిపండు, అంటే ఫైకస్ రెసిమోసా. ఆ చెట్టుకు దాని కందిరీగలు వేరే ఉన్నాయి. రెండూ ఒకే ప్రజాతివి కాబట్టి అంజీర్ గురించీ అదే అనుమానం పడేవారున్నారు, కానీ మన బజారు అంజీర్‌కు అది వర్తించదు.

పరాగసంపర్కం ఆధారంగా రకాలు

ఉద్యానశాస్త్రం అంజీర్‌ను ప్రధానంగా మూడు వర్గాలుగా చూస్తుంది. సాధారణ వర్గం కందిరీగ లేకుండానే పండుతుంది. బ్రౌన్ టర్కీ, బ్లాక్ మిషన్, కడోటా, పుణె అంజీర్ ఇందులోవి. స్మిర్నా వర్గానికి పరాగసంపర్కం తప్పనిసరి, లేకపోతే కాయలు ముదరకుండానే రాలిపోతాయి. తుర్కియేలోని సారిలోప్, కాలిఫోర్నియాలో అదే రకానికి పెట్టిన పేరు కాలిమిర్నా ఈ వర్గానివి. శాన్ పెడ్రో వర్గంలో మొదటి కాపు కందిరీగ లేకుండా పండుతుంది, ప్రధాన కాపుకు మాత్రం కందిరీగ కావాలి.

స్మిర్నా రకాలను పండించే తుర్కియే పశ్చిమ తీరంలో రైతులు జూన్ నెలలో కాప్రిఫిగ్ కాయలను దారానికి గుచ్చి తోటలోని చెట్లకు వేలాడదీస్తారు. వాటి నుంచి కందిరీగలు వచ్చి పని పూర్తి చేస్తాయి. దీనికి కాప్రిఫికేషన్ అని పేరు. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు వృక్షశాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టస్ ఈ పద్ధతిని వర్ణించాడు.

ఈ సంగతి తెలియకపోతే ఏమవుతుందో కాలిఫోర్నియా అనుభవం చూపింది. 1880ల మొదట్లో స్మిర్నా కొమ్మలు తెప్పించి నాటారు. చెట్లు బాగా పెరిగాయి కానీ కాయలు ఏటా రాలిపోయాయి. కందిరీగ కావాలన్న మాటను చాలామంది పల్లెటూరి నమ్మకంగా కొట్టిపారేశారు. చివరకు 1899లో, అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞుడు వాల్టర్ స్వింగిల్ అల్జీరియా నుంచి పంపిన కాప్రిఫిగ్ కాయలలోని కందిరీగలు ఫ్రెస్నోలో జార్జ్ రోడింగ్ తోటలో నిలదొక్కుకున్నాయి. అప్పటి నుంచి అక్కడి స్మిర్నా తోటలు కాపు నిలుపుకున్నాయి.

చరిత్ర

జోర్డాన్ లోయలోని గిల్గాల్ అనే నవీన శిలాయుగ స్థలంలో మాడి బొగ్గైన అంజీర్ కాయలు దొరికాయి. వాటి వయసు సుమారు 11,400 సంవత్సరాలు. గింజల్లో పిండం లేదని, అవి కందిరీగ లేకుండా పండే రకానివని, కాబట్టి కొమ్మలు నాటి పెంచినవేనని 2006లో ప్రచురితమైన పరిశోధన వాదించింది. అడవి చెట్లకూ అలాంటి కాయలు రావచ్చని ఇతర శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. మొదటి వాదమే నిజమైతే ధాన్యాల కన్నా ముందే అంజీర్ సాగులోకి వచ్చిందని చెప్పాలి.

ప్రాచీన మధ్యధరా ప్రాంతంలో అంజీర్ పేదల ఆహారం కూడా, విందు భోజనం కూడా. హీబ్రూ బైబిల్లో, ఖురాన్‌లో దీని ప్రస్తావన ఉంది. ఖురాన్ 95వ సూరా పేరే 'అత్తీన్', అంటే అంజీర్. తాజా పండు స్వభావాన్ని బాగా చూపే కథనం రోమన్ రచయిత ప్లీనీ చెప్పినది. రోమ్‌కు శత్రువైన కార్తేజ్ నగరాన్ని నాశనం చేయాలని పట్టుబట్టిన రోమన్ నేత కేటో ఒకసారి సెనేట్‌కు తాజా అంజీర్ పండు తెచ్చి చూపించాడు. అది కార్తేజ్‌లో కోసి మూడు రోజులు కూడా కాలేదని, శత్రువు అంత దగ్గర ఉన్నాడని చెప్పాడు. వాదం సభకు పట్టడానికి కారణం, తాజా అంజీర్ అంతకు మించి నిలవదని అక్కడున్న ప్రతివాడికీ తెలియడమే. మూడవ ప్యూనిక్ యుద్ధం క్రీ.పూ. 149లో మొదలై, 146లో కార్తేజ్ నేలమట్టం కావడంతో ముగిసింది.

అమెరికా ఖండాలకు అంజీర్‌ను 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు తీసుకెళ్లారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ మతగురువులు కాలిఫోర్నియాలోని తమ మిషన్లలో నాటిన నల్ల రకానికే ఇప్పుడు బ్లాక్ మిషన్ అని పేరు.

పండే కాలం

చాలా రకాలు ఏడాదికి రెండు కాపులు ఇస్తాయి. నిరుటి కొమ్మ మీద వసంతంలో పుట్టి వేసవి మొదట్లో పండేది తొలికాపు, దీన్ని బ్రేబా అంటారు. ఆ ఏటి కొత్త రెమ్మల మీద వచ్చేది ప్రధాన కాపు. మధ్యధరా దేశాల్లో తొలికాపు జూన్, జూలైలలో, ప్రధాన కాపు ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వస్తుంది. తొలికాపు పండ్లు తరచు పెద్దవిగా ఉంటాయి కానీ తీపి కొంచెం తక్కువ. పచ్చిగా, సలాడ్లలో వాడటానికి అవి పనికొస్తాయి. ఎండబెట్టడానికి ప్రధాన కాపే.

ప్రపంచంలో అంజీర్ అత్యధికంగా పండించే దేశం తుర్కియే. ఆయ్దిన్ ప్రాంతం ఎండు అంజీర్‌కు, బుర్సా ప్రాంతం 'బుర్సా సియాహి' అనే నల్లని తాజా పండుకు ప్రసిద్ధి. ఈజిప్ట్, మొరాకో, అల్జీరియా, ఇరాన్, స్పెయిన్ తర్వాతి వరుసలో ఉన్నాయి.

భారతదేశంలో కాలం కొమ్మల కత్తిరింపును బట్టి మారుతుంది. దానిమ్మ, బత్తాయి రైతులకు తెలిసిన 'బహార్' లెక్కే ఇక్కడా నడుస్తుంది. పుణె చుట్టుపక్కల వేసవిలో వచ్చే పంటను మీఠా బహార్ అంటారు, తీపి ఎక్కువ ఉండేది అదే. వానలతో ముడిపడిన పంట ఖట్టా బహార్. తేమ వల్ల ఇందులో తీపి తగ్గుతుంది, పండు పగులుతుంది, తుప్పు తెగులు కూడా ఎక్కువ. కొనేవారికి మార్చి నుంచి మే వరకు దొరికే పండు నమ్మదగినది.

కోత, పక్వత, నిల్వ

తాజా అంజీర్ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది: కాయ చెట్టు మీదే దాదాపు పూర్తిగా పండాలి. పచ్చిగా కోసి మామిడిలా మగ్గబెడితే మెత్తబడుతుంది గానీ తీపి పట్టదు. అందువల్ల రైతు పండిన పండే కోయాలి, పండిన పండు ప్రయాణానికి తట్టుకోదు. తాజా అంజీర్ ఖరీదైనదిగా, అరుదుగా ఉండటానికీ, ప్రపంచ పంటలో చాలా భాగం ఎండుగా మారడానికీ మూలం ఈ చిక్కే.

పండిన గుర్తులు చూసి తెలుసుకోవచ్చు. నిటారుగా ఉన్న కాయ మెడ వాల్చి వేలాడుతుంది. నొక్కితే కొద్దిగా లొంగుతుంది. తొక్క మీద సన్నని తెల్లని చారలుగా పగుళ్లు వస్తాయి. తొడిమ తుంచినప్పుడు పాలు కారకూడదు. పాలు ఇంకా కారుతుంటే కాయ పచ్చిదే, నాలుక దురద పెడుతుంది. పులిసిన వాసన వస్తే మాత్రం కన్నులోంచి ఈస్టు చేరినట్టు, ఆ పండు పారేయాలి.

కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకుంటారు. పాలలోని ఫిసిన్ చర్మాన్ని తినేస్తుంది. పాలలోనూ ఆకుల్లోనూ ఉండే సోరాలెన్ వంటి పదార్థాలు చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. సున్నా డిగ్రీల దగ్గర, 90 నుంచి 95 శాతం తేమలో ఉంచితే మంచి పండు ఒకటి రెండు వారాలు ఆగుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఆశించకూడదు. కడగకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా వెడల్పాటి పళ్లెంలో పరిచి ఉంచాలి.

సలాడ్లలో వాడకం

సలాడ్‌కు అంజీర్ తెచ్చేది తీపి, మెత్తదనం, గింజల కరకర. దానిలో పులుపు చాలా తక్కువ. కాబట్టి ఆ సలాడ్‌కు పులుపు, ఉప్పు, కొంచెం చేదు బయటి నుంచి అందాలి. మధ్యధరా వంటల్లో అంజీర్ పక్కన కనిపించే పదార్థాలన్నీ ఈ లోటు తీర్చేవే: ఉప్పుకు చీజ్ లేదా ఉప్పులో ఊరిన పంది మాంసం, చేదుకు ఆరుగులా ఆకు లేదా ఎర్ర చికోరీ అయిన రాడిక్కియో, పులుపుకు నిమ్మరసం లేదా బాల్సమిక్ వెనిగర్, కరకరకు వాల్‌నట్.

ఇటలీలో తాజా అంజీర్‌ను ప్రొషూటో అనే పంది మాంసం పొరలతో తినడం ఖర్బూజాతో తినడమంత మామూలు. రోమ్‌లో పైన ఏమీ వేయని తెల్ల పిజ్జాను మధ్యకు చీల్చి అంజీర్ పెట్టి తింటారు. దక్షిణ ఫ్రాన్స్‌లో మేక చీజ్‌తో, మరికొన్ని చోట్ల రోక్ఫోర్, గోర్గొంజోలా వంటి నీలి చీజ్‌లతో కలుపుతారు. గ్రీస్, తుర్కియేలలో తెల్ల చీజ్, పుదీనా తోడవుతాయి. యోతం ఒట్టోలెంగి, సామి తమీమీ 2012లో ప్రచురించిన 'జెరూసలేం' వంటల పుస్తకంలో కాల్చిన చిలగడదుంపలు, తాజా అంజీర్ కలిపిన వంటకం ఉంది. దానిలో ఉల్లికాడలు, ఎర్ర మిరపకాయ, చిక్కబరచిన బాల్సమిక్ కూడా వేస్తారు. తీపి మీద తీపి పెట్టి కారంతో నిలబెట్టే ఆ పద్ధతి తెలుగు నాలుకకు కొత్త కాదు.

నలుగురికి సరిపడే మామూలు సలాడ్ ఇలా చేస్తారు. పండిన అంజీర్లు ఎనిమిది, ఆరుగులా సుమారు 100 గ్రాములు, మేక చీజ్ 80 గ్రాములు, గుప్పెడు వాల్‌నట్లు తీసుకోవాలి. వాల్‌నట్లను పొడి మూకుడులో సన్నసెగ మీద వేయించి చల్లార్చాలి. మూడు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె, ఒక టేబుల్ స్పూను బాల్సమిక్ వెనిగర్, ఉప్పు, మిరియాల పొడి కలిపి గిలకొట్టాలి. పండ్లను తినబోయే ముందే నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో అద్దాలి. తొడిమ కొస తీసేసి నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. ముందు ఆకుకు మాత్రమే నూనె మిశ్రమం పట్టించి పళ్లెంలో పరచాలి. దాని మీద చీజ్ నలిపి వేసి, చివరిగా అంజీర్ ముక్కలను గుజ్జు పైకి కనపడేలా అమర్చి, వాల్‌నట్లు చల్లాలి. అంజీర్ వేశాక కలపకూడదు, కలిపితే గుజ్జు చితికి ఆకు అంతా జిగురు పడుతుంది. పండు ఫ్రిజ్ చల్లదనంలో ఉండగా రుచి మందంగా ఉంటుంది కాబట్టి అరగంట ముందు బయట పెట్టడం మంచిది.

పండు తీపి చాలకపోతే కోసిన వైపు కొద్దిగా తేనె రాసి పెనం మీద ఒక నిమిషం వాడ్చడం ఒక ఉపాయం. మరీ మెత్తబడిన పండు ముక్కలుగా పనికిరాదు. దాని గుజ్జును నిమ్మరసం, నూనెతో కలిపితే డ్రెస్సింగ్ అవుతుంది.

మన వంటింట్లో మేక చీజ్ లేకపోయినా సలాడ్ ఆగదు. ఉప్పు పట్టించిన పనీర్, నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, పుదీనా, వేయించిన వేరుశనగ పప్పులతో అంజీర్ చక్కగా కలుస్తుంది. చేదు ఆకుగా ఆరుగులా బదులు లేత మెంతికూర వాడవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. ఫిసిన్ పాలలోని ప్రోటీన్లను విడగొడుతుంది. ఇలియడ్‌లో అంజీర్ రసంతో పాలు విరగగొట్టే ప్రస్తావన ఉంది, మధ్యధరా ప్రాంతంలో చీజ్ తయారీకి దానిని ఇటీవలి వరకు వాడారు. పెరుగుతో కలిపిన అంజీర్ ఎక్కువసేపు నిలవ ఉంటే చేదెక్కే అవకాశం ఉన్నందున వడ్డించే ముందే కలపాలి. ఇదే ఎంజైమ్ వల్ల తాజా అంజీర్ వేస్తే జెలటిన్ గట్టిపడదు, ఉడికించిన పండుతో ఆ ఇబ్బంది ఉండదు.

పోషక విలువలు, జాగ్రత్తలు

100 గ్రాముల తాజా అంజీర్‌లో సుమారు 79 గ్రాములు నీరే. మొత్తం 74 కిలో కేలరీల శక్తి, 16 గ్రాముల చక్కెరలు, 2.9 గ్రాముల పీచు, 232 మిల్లీగ్రాముల పొటాషియం, 35 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. అంతే బరువు ఎండు పండులో 249 కిలో కేలరీలు, 48 గ్రాముల చక్కెరలు, 162 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. అంజీర్ కాల్షియం గని అని ప్రచారంలో ఉన్న మాట ఎండు పండుకే కొంత నప్పుతుంది. మధుమేహం ఉన్నవారు చక్కెర అంకెను, మూత్రపిండాల జబ్బుతో పొటాషియం పరిమితి ఉన్నవారు ఆ అంకెను చూసుకోవాలి. ఇళ్లలో అలంకారానికి పెంచే ఫైకస్ బెంజమినా మొక్క పడనివారిలో కొందరికి తాజా అంజీర్ కూడా పడదు, నోటి దురద, వాపు వస్తాయి.

భారతదేశంలో, తెలుగు ప్రాంతాల్లో

దేశంలో అంజీర్ సాగుకు మహారాష్ట్రలోని పుణె జిల్లా కేంద్రం. అక్కడి పురందర్ తాలూకా అంజీర్‌కు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గంట ఆకారంలో, ఊదా తొక్క, గులాబీ గుజ్జుతో ఉండే ఈ పండు చేతిలోకి తీసుకుంటేనే కందిపోయేంత సున్నితమైనది. నిల్వ ఉండని పంటకు దారి వెతుకుతూ పురందర్ రైతు ఉత్పత్తిదారుల సంస్థ పండ్ల రసం తయారు చేసి 2024లో పోలండ్‌కు ఎగుమతి చేసింది. కర్ణాటకలో బళ్లారి ప్రాంతంలో, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం ప్రాంతంలో కూడా సాగు ఉంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉండే రాయలసీమ మెట్ట వాతావరణం ఈ చెట్టుకు సరిపడుతుంది. ఇక్కడ డయానా రకం వాడుకలో ఉంది.

తెలుగు ఇళ్లలో అంజీర్ అంటే చాలామందికి దండగా గుచ్చి అమ్మే ఎండు పండే. రాత్రి నానబెట్టి పొద్దున్నే తినడం మలబద్ధకానికి, రక్తహీనతకు మంచిదని అలవాటు. తాజా పండు హైదరాబాద్ వంటి నగరాల పండ్ల దుకాణాల్లో ఎండాకాలం ముందు నుంచి చిన్న పెట్టెల్లో కనిపిస్తుంది. పెట్టె అడుగు వరసను కూడా చూసి కొనాలి. పైన పొడిగా, బాగా ఉన్నా అడుగు పండ్లు తడిసి కాగితం మరక పడి ఉంటే ఆ పెట్టె మరుసటి రోజుకు ఆగదు.